నాటకాన్ని జీవితాంతం ప్రేమించాలంటే

నాట్యశాస్త్రంలో నటుల గురించి, వాద్యాల గురించి, రంగస్థలం కొలతల గురించి సవివరంగా చెప్పిన భరతుడు, ప్రదర్శన ఎప్పుడు సఫలమైనట్టో చెప్పే 27వ అధ్యాయంలో ప్రేక్షకుడి వైపు తిరుగుతాడు. యువకులు శృంగారానికి సంతోషిస్తారని, శూరులు రౌద్రానికీ యుద్ధానికీ పొంగిపోతారని, విరాగులు మోక్షప్రసంగాన్ని ఇష్టపడతారని, వృద్ధులకు ధర్మకథలూ పురాణాలూ నచ్చుతాయని అక్కడ ఉంది. పాత్ర సంతోషిస్తే తానూ సంతోషించి, పాత్ర శోకిస్తే తానూ శోకించేవాడే ప్రేక్షకుడన్న నిర్వచనమూ అక్కడే ఉంది. మనిషి ఒక్కడే అయినా వయసు మారేకొద్దీ అతడిలో వేర్వేరు ప్రేక్షకులు తయారవుతారని ఈ రెండు మాటలూ కలిపి చదివినప్పుడు నాకు అనిపిస్తుంది. నాటకాన్ని జీవితాంతం ప్రేమించేవారు ఆ ప్రేక్షకులందరికీ ఒకరి తరువాత ఒకరికి తమలో చోటిస్తూ వస్తారు.

అందువల్ల లెక్కకు మిక్కిలిగా నాటకాలు చూసినంత మాత్రాన ఈ ప్రేమ కలగదు. నచ్చిన కొన్ని నాటకాల దగ్గరకు, ఏళ్ల ఎడంతో, మారిన మనసుతో తిరిగి వెళ్లడం వల్లనే అది పెరుగుతుందని నా గట్టి నమ్మకం. కింద చెప్పే పద్ధతులన్నీ ఆ తిరిగి వెళ్లడానికి మిమ్మల్ని సిద్ధం చేయడానికే. పదేళ్ల పిల్లవాడైనా అరవై ఏళ్ల పెద్దవారైనా, ఎక్కడ మొదలుపెట్టినా ఇవి పనికివస్తాయి.

మొదట చూడవలసినవి

మొదట ఏ నాటకం చూడాలని అడిగితే చాలామంది గొప్ప నాటకాల పేర్లు చెబుతారు. నన్నడిగితే నాటకం పేరు కన్నా ముందు హాలు ఎంత పెద్దదో తెలుసుకోమంటాను. నాట్యశాస్త్రం రెండవ అధ్యాయం మూడు ఆకారాల నాట్యగృహాలను వర్ణించి, వాటిలో 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు ఉన్న మధ్యమ పరిమాణాన్ని మెచ్చుకుంటుంది. అందులోనూ సగం రంగస్థలానికీ నేపథ్యానికీ పోతుంది కనుక ప్రేక్షకులందరూ మిగిలిన 32 మూరల చదరంలోనే కూర్చోవాలి. అంటే చివరి వరుసలో ఉన్నవారు కూడా రంగస్థలం అంచుకు సుమారు 48 అడుగుల దూరంలోనే ఉంటారు. హాలు అంతకన్నా పెద్దదైతే మాట స్పష్టత కోల్పోతుందని, ముఖంలోని భావం కనిపించకుండా పోతుందని గ్రంథం కారణం కూడా చెప్పింది. ఈ కారణం నేటికీ మారలేదు. మైకుల ద్వారా మాట ఎంత దూరమైనా వెళుతుంది గాని, కనుబొమ్మ కదలిక వెళ్లదు. కాబట్టి మొదటి కొన్ని నాటకాలను చిన్న హాలులో, వీలైతే మూడవ వరుసకూ ఆరవ వరుసకూ మధ్య కూర్చుని చూడండి. మొదటి వరుసలో నటుడి చెమట కూడా కనిపిస్తుంది కాని, రంగస్థలం మీద ఎవరు ఎవరికి ఎంత దూరంలో నిలబడ్డారన్నది ఒక్క చూపులో అందదు. ఆ దూరాలలోనే దర్శకుడి ఆలోచన సగం ఉంటుంది.

పెద్ద రంగస్థలాలకు వేరే న్యాయం ఉంది. గ్రీసులోని ఎపిడారస్ రంగశాలను క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో కొండవాలు మీద వేల మంది కూర్చునేలా కట్టారు. గ్రీకు నటులు ముఖానికి మాస్కులు తొడుక్కుని నటించేవారు కనుక ముఖకవళికల పనినంతా గొంతూ శరీరమూ చేయవలసి వచ్చేది. పెద్ద ఆరుబయలు ప్రదర్శన చూడవలసి వచ్చినప్పుడు ముఖాల కోసం వెతక్కుండా నడకనూ, చేతులనూ, స్వరాన్నీ పట్టించుకోవడం అలవాటు చేసుకోవాలి.

కథ ముందే తెలిసిన నాటకంతో మొదలుపెట్టడం మేలు. ఇది చాలామందికి వింతగా తోస్తుంది. ఏథెన్స్ నగరంలో డయనైసస్ దేవుడి ఉత్సవాలకు వచ్చిన ప్రేక్షకులకు పురాణకథలోని రాజు ఈడిపస్ ఎవరో, అతడికి ఏమి జరగబోతుందో ముందే తెలుసు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు చూడటానికి వచ్చే తెలుగు ప్రేక్షకుడికి రాయబారంలో కృష్ణుడు సభలో నిలబడి ఏ పద్యం ఎత్తుకుంటాడో తెలుసు, చాలాసార్లు ఆ పద్యం కంఠతా వచ్చు కూడా. తరువాత ఏమవుతుందన్న ఆత్రం లేని మనసు, ఈ నటుడు ఈ మాటను ఎలా అంటాడన్న దాని మీద నిలబడుతుంది. పద్యనాటకానికి వెళ్లబోయే ముందు అందులోని పద్యాలు నాలుగైదు అర్థంతో సహా నేర్చుకుని వెళ్లండి. ఏ పదం దగ్గర నటుడు ఊపిరి తీసుకున్నాడు, రాగం భావాన్ని మోసిందా లేక భావాన్ని పక్కకు నెట్టి తానే ముందుకొచ్చిందా అన్నది అప్పుడు మీకు తెలుస్తుంది. రాగాలాపన అతి అయిందని నాటకాభిమానులు వాదించుకోవడం మన రంగస్థలానికి కొత్తేమీ కాదు. ఆ వాదంలో ఒక పక్షం తీసుకోగలిగిన రోజున మీరూ వారిలో ఒకరైనట్టే.

చూడటం నేర్చుకోవడం

నాటకం చూడటానికి శిక్షణ అవసరమా అని కొందరు అడుగుతారు. అవసరమే, అయితే అది చాలా తేలికైన శిక్షణ. రంగస్థలం మీద ఇద్దరు మాట్లాడుకుంటుంటే మన కన్ను సహజంగా మాట్లాడేవారి మీదికి పోతుంది. కాసేపు దాన్ని బలవంతంగా వినేవారి మీదికి తిప్పండి. మంచి నటులు వింటున్నప్పుడే ఎక్కువ నటిస్తారు, నటన రానివారు తమ డైలాగు వంతు వచ్చేవరకు ఊరికే నిలబడి ఉంటారు. ఒక నటుడి స్థాయిని అంచనా వేయడానికి ఇంతకన్నా నమ్మదగిన పరీక్ష నాకు తెలియదు.

నార్వే రచయిత ఇబ్సెన్ రాసిన బొమ్మరిల్లు నాటకం 1879లో కోపెన్‌హాగెన్‌లో మొదటిసారి ప్రదర్శితమైంది. దాని చివరి అంకంలో భర్త హెల్మర్ ఒక ఉత్తరం చదివి భార్య నోరాను తీవ్రంగా నిందిస్తాడు. కాసేపటికి మరో ఉత్తరం వచ్చి తన పరువుకు ప్రమాదం తప్పిందని తెలియగానే, క్షమించానంటూ ప్రేమగా మాట్లాడటం మొదలుపెడతాడు. మొదటిసారి చూసేవారు హెల్మర్ మాటలనే వింటారు. ఆ సమయంలో నోరాను చూడండి. నిందలు మొదలైన కొద్దిసేపటి నుంచి ఆమె మాటలు చిన్నవైపోతాయి, ముఖం గట్టిపడుతుంది. ఆ తరువాత ఆమె పక్క గదిలోకి వెళ్లి, వేడుక కోసం వేసుకున్న నాట్యం దుస్తులు విప్పి మామూలు బట్టలు కట్టుకుని వచ్చి, భర్తను బల్లకు ఎదురుగా కూర్చోమంటుంది. నోరా ఇల్లు విడిచి వెళ్తూ వేసిన, ప్రపంచమంతా చెప్పుకునే ఆ తలుపు చప్పుడు నాటకం ఆఖరున వినిపిస్తుంది కాని, నోరా వెళ్లిపోవడం చాలా ముందే, ఆమె ఏమీ మాట్లాడకుండా వింటున్నప్పుడే జరిగిపోయింది. నోరా పాత్రధారిణి ఏ క్షణంలో వెళ్లిపోయిందో కనిపెట్టడం ఆ నాటకాన్ని చూసే ప్రతిసారీ నాకు కొత్త పనే, ఎందుకంటే ఒక్కొక్క నటి ఆ క్షణాన్ని ఒక్కొక్క చోట పెట్టుకుంటుంది.

వినేవారిని చూడటం అలవాటైన తరువాత వెలుగును గమనించడం, ఆపైన నిశ్శబ్దాలను గమనించడం వాటంతట అవే వస్తాయి. ఒక నాటకంలో ఒకటే పట్టుకుంటే చాలు. అన్నిటినీ ఒకేసారి గమనించాలని పెన్ను పట్టుకుని కూర్చుంటే, పాత్రతో పాటు సంతోషించి శోకించమన్న అసలు పని మిగిలిపోతుంది.

నాటకం చదవడం

నాటక ప్రతిని ప్రదర్శనకు ముందు చదవాలా, తరువాత చదవాలా అన్న విషయంలో నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది. కొత్త నాటకమైతే మొదటిసారి చదవకుండా వెళ్లాలి, చూసి వచ్చిన వారం రోజులలోపు చదవాలి. పాత నాటకాన్ని రెండవసారి చూడబోతుంటే మాత్రం ముందే చదవాలి. చూసిన వెంటనే చదివితే, నటుల గొంతులు ఇంకా చెవిలో ఉండగానే, వారు వదిలేసిన వాక్యాలూ దర్శకుడు కత్తిరించిన దృశ్యాలూ కనిపిస్తాయి. ఎందుకు కత్తిరించి ఉంటాడని ఆలోచించడం మొదలుపెట్టగానే మీరు దర్శకుడి కుర్చీలో కూర్చున్నట్టే.

నాటకం చదవడం కథ చదివినంత సులువు కాదు, ఎందుకంటే కాగితం మీద మౌనంగా ఉన్న పాత్ర కనిపించదు. ప్రతి పుట తిప్పినప్పుడు ఇప్పుడు రంగస్థలం మీద ఎవరెవరున్నారో, మాట్లాడకుండా ఉన్నవారు ఏమి చేస్తున్నారో మిమ్మల్ని మీరే అడగండి. వీలైనంతవరకు బయటికి చదవండి. నలుగురు స్నేహితులు కలిసి పాత్రలు పంచుకుని ఒక సాయంత్రం ఒక అంకం చదవగలిగితే, ఏ విమర్శ గ్రంథమూ ఇవ్వని అవగాహన కలుగుతుంది. నటన రాకపోయినా ఫరవాలేదు. తడబడుతూ చదివినా సరే, రచయిత ఒక వాక్యాన్ని ఎందుకు అంత పొట్టిగా రాశాడో నాలుకకు తెలుస్తుంది.

రాసి పెట్టుకోవడం

స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామ వంటి స్త్రీ పాత్రలు ధరించి తెలుగు ప్రేక్షకులను ముగ్ధులను చేశారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన రంగస్థలం మీదికి వచ్చే తీరు, ఒక వాక్యాన్ని పది రకాలుగా పలికే తీరు గురించి ఈనాడు మనకు తెలిసేది చాలావరకు చూసినవారు చెప్పుకున్నదీ రాసిపెట్టినదీ. మరో మహానటుడు బళ్లారి రాఘవ విషయమూ దాదాపు అంతే. ప్రదర్శన ఏ రోజుకారోజు అయిపోతుంది, మర్నాటి ప్రదర్శన మరొకటి. చూసినవారి జ్ఞాపకంలో తప్ప అది మరెక్కడా ఉండదు కనుక ఆ జ్ఞాపకాన్ని కాస్త శ్రద్ధగా కాపాడుకోవడం ప్రేక్షకుడి బాధ్యత అని నేను భావిస్తాను.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, ఊరు, హాలు, నాటక సమాజం పేరు, ముఖ్య పాత్రధారుల పేర్లు రాసి, ఆ తరువాత ఒకే ఒక క్షణాన్ని ఎంచుకుని దాన్ని కళ్లకు కట్టేటట్టు వివరంగా రాయండి. నాటకం బాగుందా బాగోలేదా అన్న తీర్పు రాయవద్దు. తీర్పులు పదేళ్ల తరువాత చదివితే ఏమీ గుర్తు చేయవు. రెండవ అంకంలో తండ్రి పాత్రధారి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ జవాబు చెప్పకుండా ఉండిపోయాడని రాసుకుంటే, ఆ సాయంత్రం మొత్తం తిరిగి వస్తుంది. పక్కనే ఆ రోజు మీ వయసు, మీ పరిస్థితి కూడా ఒక వాక్యంలో రాయండి. ఈ వాక్యం ఎందుకో ఇరవై ఏళ్లు గడిస్తే గాని బోధపడదు.

అర్థం కాని నాటకాలు

కొంతకాలానికి ఏదో ఒక నాటకం పూర్తిగా పరాయిగా తోస్తుంది. బెకెట్ రాసిన గోడో కోసం ఎదురుచూపు పారిస్‌లో 1953 జనవరిలో మొదటిసారి ప్రదర్శించారు. అమెరికాలో మొదటి ప్రదర్శన 1956లో మయామీలో జరిగినప్పుడు, నవ్వుల నాటకమని ఆశించి వచ్చిన ప్రేక్షకులలో చాలామంది మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైలులో అదే నాటకాన్ని సుమారు 1,400 మంది ఖైదీల ముందు ఆడితే, వారు కదలకుండా చూశారు. ఎదురుచూడటం అంటే ఏమిటో వారికి ఎవరూ వివరించనక్కర్లేదు. ఏ నాటకమైనా అర్థం కాకపోతే మిమ్మల్ని మీరు చిన్నబుచ్చుకోవద్దు, నాటకాన్నీ కొట్టిపారేయవద్దు. ఆ నాటకం మీ జీవితంలోకి రావడానికి ఇంకా సమయం ఉందని నోటుపుస్తకంలో రాసి, ఐదేళ్ల తరువాత మళ్లీ చూడండి.

తప్పు ఒక్కోసారి ప్రదర్శనలోనే ఉంటుంది. రష్యన్ రచయిత చెహోవ్ నాటకం సీగల్‌ను 1896లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ప్రేక్షకులు ఎగతాళి చేశారు. రెండేళ్ల తరువాత స్టానిస్లావ్‌స్కీ, నెమిరోవిచ్ డాంచెంకో కలిసి స్థాపించిన మాస్కో ఆర్ట్ థియేటర్ అదే నాటకాన్ని ఆడి ఘనవిజయం సాధించింది, నాటకం పేరులోని ఆ సముద్రపు పక్షి బొమ్మనే తన చిహ్నంగా పెట్టుకుంది. మాటలు అవే, ఆడిన తీరు వేరు. అందుచేత ఒక నాటకం మీద అభిప్రాయం స్థిరపరచుకునే ముందు కనీసం రెండు సమాజాల ప్రదర్శనలు చూడటం న్యాయం. పేలవమైన ప్రదర్శనలను కూడా చివరి వరకు చూడండి. నాటకం ఎక్కడ కుంటుపడిందో, ఎవరి ప్రవేశం ఆలస్యమై ఊపు పోయిందో పోల్చుకోగలగడం మంచి ప్రదర్శనల వల్ల కన్నా వీటి వల్లనే త్వరగా వస్తుంది.

తెర వెనక్కు వెళ్లడం

ప్రేక్షకుడిగా కొన్నేళ్లు గడిచిన తరువాత ఒక్కసారైనా తెర వెనుక పని చేయాలి. దీనికి నటుడు కావలసిన అవసరం లేదు. ఔత్సాహిక సమాజాలకు నటుల కన్నా సహాయకుల కొరతే ఎప్పుడూ ఎక్కువగా ఉంటుంది. సామాను సర్దేవారు, దుస్తులు ఇస్త్రీ చేసి వరుసగా తగిలించేవారు, లైట్ల దగ్గర కూర్చునేవారు, ప్రాంప్టింగ్ చెప్పేవారు, అంటే నటుడు మరచిన మాటను తెర వెనుక నుంచి అందించేవారు ఎప్పుడూ కావాలి, ఏ సమాజాన్ని అడిగినా సంతోషంగా చోటిస్తారు.

వీటిలో ప్రాంప్టింగ్ పనిని నేను అన్నిటికన్నా ముందు సిఫారసు చేస్తాను. ప్రాంప్టర్ ప్రతిని ఒళ్లో పెట్టుకుని పక్క తెర వెనుక కూర్చుంటాడు. నటుడు వాక్యం మధ్యలో ఆగుతాడు. అతడు భావం కోసం ఆగాడా, మాట మరచిపోయి ఆగాడా అన్నది రెండు మూడు క్షణాలలో తేల్చుకోవాలి. భావం కోసం ఆగినప్పుడు మాట అందిస్తే ఆ మౌనం చెడిపోతుంది. మరచిపోయినప్పుడు అందించకపోతే నాటకమే నిలిచిపోతుంది. తేడా నటుడి కళ్లలో ఉంటుంది, ఊపిరిలో ఉంటుంది. భావం కోసం ఆగినవాడి చూపు ఎదుటి పాత్ర మీదే నిలబడి ఉంటుంది, మరచిపోయినవాడి చూపు ఒక్కసారిగా ఎక్కడికో జారిపోతుంది, భుజాలు బిగుసుకుంటాయి. అనుభవం ఉన్న ప్రాంప్టర్ వాక్యమంతా చెప్పడు, మొదటి మాట మాత్రమే ప్రేక్షకులకు వినపడకుండా విసురుతాడు, మిగతాది నటుడే అందుకుంటాడు. రిహార్సల్స్ నుంచి ఆఖరి ప్రదర్శన వరకు ఈ పని చేసినవారు ఆ తరువాత హాలులో ఎక్కడ కూర్చున్నా, రంగస్థలం మీద ప్రతి మౌనాన్నీ చదవగలుగుతారు.

రిహార్సల్స్ చూసే అవకాశం దొరికితే వదులుకోవద్దు. ఒక పాత్ర గుమ్మంలో నుంచి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చోవడాన్ని దర్శకుడు గంటసేపు చేయిస్తాడు. చూసేవారికి మొదట విసుగు పుడుతుంది, తరువాత ఆ నడకలో ఏదో ఒకటి సర్దుకుని అంతవరకు అబద్ధంగా ఉన్నది నిజమైపోవడం కళ్లముందు జరుగుతుంది. తెర వెనుక రహస్యాలు తెలిస్తే మాయ పోతుందని కొందరు భయపడతారు. 1885లో కీచక వధ ప్రదర్శనతో మొదలై తరతరాలుగా కుటుంబాలుగా నాటకమే వృత్తిగా బతుకుతున్న సురభి కళాకారుల ప్రదర్శనను పక్క నుంచి చూస్తే, అస్త్రాలు గాలిలో ఎదురెదురుగా ఎగిరి వచ్చే తీగలూ, వాటిని లాగే చేతులూ కనిపిస్తాయి. ఆ చేతులు సంగీతానికి సరిగ్గా అదే లయలో కదలడం చూసిన తరువాత, ముందు వైపు నుంచి చూసినప్పటి ఆశ్చర్యానికి గౌరవం కూడా తోడవుతుంది.

తీరిక లేని ఏళ్లు

ఉద్యోగం, పిల్లలు, పెద్దల ఆరోగ్యం వంటివి మీదపడే మధ్య వయసులో నాటకం చాలామంది జీవితం నుంచి చప్పుడు లేకుండా తప్పుకుంటుంది. అప్పుడు పాత వేగాన్ని నిలుపుకోవాలని ప్రయత్నించి, కుదరక, పూర్తిగా మానేయడం కన్నా, ఏడాదికి ఒకటి రెండు నాటకాలైనా తప్పకుండా చూస్తానని నిర్ణయించుకోవడం మంచిది. ప్రపంచ రంగస్థల దినోత్సవమైన మార్చి 27, కందుకూరి వీరేశలింగం జన్మదినం కనుక తెలుగు నాటక రంగ దినోత్సవంగా జరుపుకునే ఏప్రిల్ 16 దగ్గరదగ్గరగా వస్తాయి. ఆ రోజుల్లో ప్రదర్శనలు ఎక్కువగా ఉంటాయి కనుక ఏడాది మొదట్లోనే ఆ వారాలను కేటాయించుకోవచ్చు. మిగతా కాలంలో రేడియో నాటకాలు వినండి. చూపు లేకుండా కేవలం వాచికంతో, అంటే గొంతుతో పలికే మాటతో, పాత్రను నిలబెట్టడం ఎంత కష్టమో అవి నేర్పుతాయి. వీడియోలో నాటకం చూడటం ఏమీ చూడకపోవడం కన్నా మేలే. అయితే కెమెరా మాట్లాడేవారినే చూపిస్తుంది, వినేవారిని చూసే స్వేచ్ఛ మీకుండదు.

పిల్లలను నాటకానికి తీసుకువెళ్లేటప్పుడు నీతి కోసమో చదువు కోసమో అని చెప్పకండి. నవ్వించేదీ, పాటలున్నదీ, గంటలోపు అయిపోయేదీ ఎంచుకోండి. మధ్యలో నిద్రపోతే పోనివ్వండి. ఇంటికి వచ్చాక దుప్పటిని తెరగా కట్టి చూసినదాన్ని వారంతట వారే ఆడితే, ప్రేక్షకుల కుర్చీలో కూర్చుని మొదటి నుంచి చివరి వరకు చూడండి.

తిరిగి వెళ్లడం

ఇన్నాళ్ల అభ్యాసం దేనికో ఇక్కడ తెలుస్తుంది. నా ఉదాహరణగా గురజాడ కన్యాశుల్కాన్నే తీసుకుంటాను, ఎందుకంటే దాన్ని రచయిత కూడా తిరిగి వెళ్లి రాశారు. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించి, 1897లో అచ్చయిన నాటకాన్ని ఆయన మళ్లీ చేపట్టి, చాలావరకు కొత్తగా రాసి 1909లో రెండవ కూర్పుగా ప్రచురించారు. ఏడు అంకాల ఆ రూపాన్ని పూర్తిగా ఆడటం గంటల తరబడి సాగే పని కనుక సాధారణంగా కుదించిన ప్రదర్శనలే చూస్తాము.

ఇరవై ఏళ్ల వయసులో ఆ నాటకం గిరీశానిది. అతడి వాక్చాతుర్యం, అబద్ధం ఆడటంలో అతడికున్న తీరిక, మధురవాణి ఇంట్లో మంచం కింద రామప్పంతులూ గిరీశమూ ఒకరికొకరు తగిలే దృశ్యం ఎవరినైనా నవ్విస్తాయి. నవ్వాలి కూడా, ఆ నవ్వు లేకుండా తక్కినదేదీ పనిచేయదు. నలభై దగ్గర పడుతుండగా చూస్తే, అదే గదిలో మంచం పైన ఎవరున్నారో కనిపిస్తుంది. ఈ మగవారందరినీ తలొక మాటతో ఆడిస్తూ, ఎవరి దగ్గరా తన మనసు బయటపెట్టకుండా నిలబడిన మధురవాణి తెలివీ ఒంటరితనమూ అప్పుడు అందుతాయి. ఇంకా పెద్దయ్యాక చూస్తే, చిన్నతనంలోనే భర్త పోయిన బుచ్చమ్మ గొంతు ఎంత మెల్లగా ఉందో వినిపిస్తుంది. ఎవరి పెళ్లి బేరం చుట్టూ ఈ కథంతా తిరుగుతుందో ఆ చిన్నపిల్ల సుబ్బి మనకు ఎంత తక్కువ కనిపిస్తుందో తట్టి గుండె బరువెక్కుతుంది. నాటకంలో ఒక్క అక్షరమూ మారలేదు. నోటుపుస్తకంలో ఆనాటి వయసు రాసుకోమన్నది ఈ మార్పును మీరు కళ్లారా చదువుకోవడానికే.

ఇలా మీ సొంతంగా మూడు నాలుగు నాటకాలు ఎంచుకోండి. ఒకటి నవ్వించేది, ఒకటి కుటుంబంలో జరిగేది, ఒకటి మొదటిసారి మీకు అర్థం కానిది ఉంటే మంచిది. షేక్‌స్పియర్ లియర్ రాజు అలాంటి వాటిలో ఒకటి కావచ్చు. యౌవనంలో ఆ నాటకాన్ని కూతుళ్ల వైపు నుంచి చూసి ముసలివాడి మొండితనానికి విసుక్కున్నవారే, తరువాత, కూతుళ్లు ఆదరించక అతడు బయట చిక్కుకున్న తుపానులో అతడితో పాటు తడుస్తారు. వాటిని ఏ సమాజం ఎక్కడ ఆడుతున్నా ఐదారేళ్లకొకసారైనా వెళ్లి చూడండి. ప్రతిసారీ హాలులో చోటు కూడా మార్చండి.

పెద్ద వయసులో

జపాన్ నో నాటక సంప్రదాయాన్ని తీర్చిదిద్దిన జెయామి, 15వ శతాబ్దం తొలి నాళ్లలో నటుడి సాధనను ఏడేళ్ల వయసు నుంచి యాభై దాటేవరకు వయసులవారీగా వివరించాడు. బాల్యంలోనూ యౌవనంలోనూ ఉండే అందాన్ని అతడు తాత్కాలికమైన పువ్వన్నాడు, సాధనతో వచ్చేదే నిజమైన పువ్వన్నాడు. తన తండ్రి కనామి 52 ఏళ్ల వయసులో, మరణానికి కొద్ది రోజుల ముందు ఆడిన ప్రదర్శనను అతడు అక్కడ గుర్తు చేసుకుంటాడు. బరువైన పాత్రలను చిన్నవారికి వదిలిపెట్టి, తేలికైన వాటిని చాలా తక్కువ కదలికలతో చేసినా ప్రేక్షకులు అతడినే ఎక్కువగా మెచ్చుకున్నారట. నటుడి గురించి చెప్పిన ఈ మాట ప్రేక్షకుడికీ వర్తిస్తుందని నేను అనుకుంటాను. వయసు పెరిగాక రోజుకొక నాటకం చూడలేము, రాత్రి పొద్దుపోయేవరకు కూర్చోలేము. చూసిన కొద్దిపాటిలోనే ఎక్కువ అందుకునే శక్తి మాత్రం అప్పటికి వచ్చి ఉంటుంది.

వినికిడి తగ్గినట్టయితే సిగ్గుపడకుండా ముందు వరుసలు అడగండి, ప్రతిని ముందే చదువుకుని వెళ్లండి. యువ నటులతో మాట్లాడేటప్పుడు పాత మహానటులతో పోల్చి వారిని కుంగదీయవద్దు. వారు చూడని నటుడితో పోలిక వారికి ఏ విధంగానూ సహాయపడదు. మీరు గమనించిన ఒక్క విషయం, ఫలానా చోట మీరు ఆగిన తీరు బాగుంది లేదా ఫలానా మాట నాకు వినపడలేదు అన్నంత సూటిగా చెప్పండి. దశాబ్దాలుగా చూస్తూ వచ్చిన ప్రేక్షకుడి నోట ఇలాంటి మాట ఒకటి విన్న నటుడు దాన్ని చాలాకాలం గుర్తుంచుకుంటాడు.

మీ దగ్గర పోగుపడిన కరపత్రాలు, ఆహ్వాన పత్రికలు, ఫొటోలు, ప్రదర్శన ప్రతులు, ఆ నోటుపుస్తకాలు పాత కాగితాలలో కలిసిపోకుండా చూడండి. ప్రతి ఫొటో వెనుక నాటకం పేరు, పాత్రధారుల పేర్లు, తేదీ మీ చేతితో రాయండి, ఎందుకంటే ఆ ముఖాలను గుర్తుపట్టగలిగేవారు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. గ్రంథాలయానికో, విశ్వవిద్యాలయంలోని రంగస్థల కళల శాఖకో, మీరు అభిమానించిన సమాజానికో ఇచ్చే ముందు వాటి జాబితా ఒకటి తయారుచేయండి. ఆ పనికి నాటకం మీద ఆసక్తి ఉన్న ఒక చిన్నవారిని తోడు పిలుచుకోండి. ఒక్కొక్క కాగితం తీసి జాబితాలో చేర్చేటప్పుడు ఇది ఎలా ఆడారని వారు తప్పక అడుగుతారు. అప్పుడు తొందరపడకుండా, ఎవరు ఎక్కడ నిలబడ్డారో లేచి చూపించండి.